ఏసోబు వీపు

పిల్లలూ, ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆదివారం బడిలో నేను ఎప్పుడూ వెనక చాప మీద కూర్చునేవాణ్ణి. కథ సగంలో ఉండగా నిద్రపోయేవాణ్ణి. అందుకని నాకు తెలిసిన కథలన్నిటికీ మొదలూ చివరా మాత్రమే ఉంటాయి. ఈ కథకు మధ్య కూడా ఉంది. దాన్ని నేనే కల్పించుకున్నాను కాబట్టి తప్పులుంటే నావే.

అనగనగా ఒక అడవిలో, ఈతచెట్ల మధ్య, జంతువులన్నీ కలిసి ఒక ప్రార్థన పాక వేసుకున్నాయి. దానికి పాస్టరుగారు ఒక ముసలి దున్నపోతు. ఆయన ప్రసంగం కూడా నెమరు వేసినట్టే ఉండేది. చెప్పిందే మళ్ళీ పైకి వచ్చేది. సంఘపెద్ద ఒక కొంగ. పేరు పౌలయ్య. ఆయన తెల్లగా ఉండేవాడు. తెల్లగా లేనివాళ్ళు కనిపిస్తే మెడ పక్కకు తిప్పుకునేవాడు.

ఆ సంఘంలో ఏసోబు అని ఒక గాడిద ఉండేది.

ఏసోబుకు ఒక గొప్ప ఉంది. "మా వంశంలో ఒకాయన మీద ప్రభువే ఎక్కాడు. ఎక్కి యెరూషలేము వెళ్ళాడు" అనేవాడు. అది కాదని ఎవరంటారు? అందుకే ప్రతి ఏడూ, ఆ ప్రయాణాన్ని తలుచుకునే మట్టల ఆదివారం నాడు ఊరేగింపులో మొదట ఏసోబే నడవాలి. వీపు మీద ఎర్రగుడ్డ పరిచేవారు. దాని మీద ఎవరూ కూర్చోరు. అది ప్రభువు చోటు. వెనకాల జంతువులన్నీ ఈతమట్టలు ఊపుకుంటూ "హోసన్నా" అని పాడుతూ వచ్చేవి. అంతా కలిపి అరగంట పట్టేది. మిగతా ఏడాదంతా ఏసోబు ఆ అరగంట గురించే మాట్లాడేవాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. ప్రభువు ఎక్కే వీపు మీద ఇంకెవరినీ, ఇంకేదీ ఎక్కించకూడదని ఏసోబు ఒక నియమం పెట్టుకున్నాడు.

ఒకసారి సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు దుంపలు తవ్వి, బుట్ట ఎత్తలేక కుందేలు వచ్చింది.

"ఏసోబన్నా, ఈ బుట్ట కాస్త పాకదాకా మోసి పెడతావా?"

"కుదరదు తమ్ముడూ. ఈ వీపు రిజర్వు" అన్నాడు ఏసోబు.

కుందేలు ఆ బుట్టను నాలుగు విడతలుగా ఈడ్చుకెళ్ళింది. విందులో ఏసోబు మూడుసార్లు వడ్డించుకున్నాడు. వీపే రిజర్వు, నోరు కాదు.

ఇంకోసారి వానల ముందు ముసలి నక్క వచ్చింది. "నాయనా, నా గుడిసె కప్పు కురుస్తోంది. నాలుగు తాటాకులు తెచ్చిపెట్టు."

"తాతా, నీ గుడిసె కోసం ప్రార్థన చేస్తాను" అన్నాడు ఏసోబు. చేశాడు కూడా. నక్క ఆ వానాకాలమంతా తడిసింది.

మూడోసారి తాబేలు దీనమ్మ అడిగింది. ఆమె సంగతి మీకు చెప్పాలి. ఆదివారం ప్రార్థనకు ఆమె శుక్రవారం పొద్దున్నే బయలుదేరేది. అయినా ఆమె గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పాస్టరుగారు ఆశీర్వాదం చెబుతూ ఉండేవారు. పాపం, ఆమె జన్మలో ఒక్క ప్రసంగమూ మొదటినుంచి వినలేదు.

"ఒక్క ఆదివారం నన్ను ఎక్కించుకో ఏసోబూ. నేనెంత బరువుంటాను గనక?"

"బరువు సంగతి కాదు దీనమ్మత్తా. పవిత్రత సంగతి."

"ఓహో" అంది దీనమ్మ. నడవడం మొదలుపెట్టింది.

ఇదంతా చూసి పౌలయ్య "భక్తి అంటే అదీ!" అని మెచ్చుకున్నాడు.

కానీ ఏసోబుకు ఒక ఇబ్బంది ఉండేది. ఆ వీపు ఊరికే దురద పెట్టేది. ఎక్కడని చెప్పలేడు. ఏదో వెలితి, ఏదో చిమచిమ. రోజూ ఒక తుమ్మచెట్టుకు వీపు రాసుకునేవాడు. ఏడేళ్ళు రాసేసరికి ఆ చెట్టుకు ఒకవైపు బెరడు పోయింది, దురద పోలేదు.

ఎనిమిదో ఏట మట్టల ఆదివారం వచ్చింది. ఏసోబు పొద్దున్నే వాగులో స్నానం చేశాడు. పౌలయ్య ఎర్రగుడ్డ పరిచి, ముడతలు ముక్కుతో సరిచేశాడు.

"జాగ్రత్త. గుడ్డకు మరక పడకూడదు. పొద్దు ఈతచెట్ల పైకి వచ్చేసరికి పాక దగ్గర ఉండాలి. ఆలస్యం చేశావో, కంచరగాడిద కాచుకుని ఉన్నాడు. వాళ్ళ నాన్న తరఫున తనదీ ఆ వంశమేనట."

ఆ చోటు పోతే ఏసోబు దగ్గర ఇంకేముంది? గబగబా నడిచాడు.

వాగు మలుపులో ఎవరో మూలుగుతున్నారు. చూస్తే అడవిపంది సుగుణమ్మ. నిండు చూలాలు. గట్టు జారి బురదలో పడి కాలు విరిగింది. ఈవిడ ప్రార్థనకు వచ్చేది కాదు. ఒకసారి వచ్చింది గానీ, "బురదతో వస్తే చాపలు పాడవుతాయి" అని పౌలయ్య అన్నాక మళ్ళీ రాలేదు.

ఆమె పక్కన దీనమ్మ కూర్చుని ఉంది. నోట్లో ఒక ఆకు పట్టుకుని ఈగలు తోలుతోంది.

"దీనమ్మత్తా! ఇక్కడేం చేస్తున్నావు? ప్రార్థన ఉంది కదా!"

దీనమ్మ ఆకు కింద పెట్టింది. "ఈసారి గురువారం మధ్యాహ్నమే బయలుదేరాను నాయనా. మొదటినుంచీ విందామని. నిన్న మధ్యాహ్నం ఇక్కడికి వచ్చేసరికి ఈమె ఇలా పడి ఉంది."

"మరి నువ్వేం చేయగలవు?"

"మోయలేను. అందుకని కూర్చున్నాను."

సుగుణమ్మ కళ్ళు తెరిచింది. "నొప్పులు మొదలయ్యాయి అన్నా. వైద్యుడి దగ్గరికి చేర్చు. లేకపోతే పిల్లలు దక్కరు."

వైద్యుడు కోతి లూకయ్య ఉండేది అవతలి కొండ మీద. పాక ఇటు, కొండ అటు.

"ఈ వీపు..." అని మొదలుపెట్టాడు ఏసోబు.

"తెలుసులే" అంది దీనమ్మ. "ప్రభువుది. నువ్వు వెళ్ళు. ఇంతకీ ఎన్నేళ్ళయింది ఆయన కోసం అట్టిపెట్టి?"

"ఏడేళ్ళు."

"ఎక్కాడా?"

ఏసోబు పాకవైపు చూశాడు. దీనమ్మ మళ్ళీ ఆకు నోట్లో పెట్టుకుని ఈగలు తోలుకుంది. ఆమె గొంతులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

ఏసోబు పది అడుగులు పాకవైపు వేశాడు. పదకొండోది పడలేదు. దూరంగా డప్పు మోగింది. పొద్దు ఈతచెట్ల పైకి వచ్చేసింది. వీపు ఒకటే దురద.

అతను వెనక్కి వచ్చాడు. బురదలో ముందు మోకాళ్ళు ఆనించాడు. తర్వాత వెనకవి.

"ఎక్కమ్మా" అన్నాడు.

"అన్నా, గుడ్డ పాడవుతుంది."

"చెల్లీ, ముందు ఎక్కు. తర్వాత మాట్లాడుకుందాం."

సుగుణమ్మ పళ్ళు బిగించి, మూడుసార్లు జారి, నాలుగోసారి ఎక్కింది. ఏసోబు లేవబోతూ ఆగాడు. "అత్తా, నువ్వూ రా. ఈగలెవరు తోలుతారు?" మెడ నేలకు ఆనించి దీనమ్మను దాని మీదికి ఎక్కించుకున్నాడు.

కొండ నిలువుగా ఉంది. ఏడేళ్ళు ఖాళీగా ఉన్న వీపు, ఒక్కసారిగా అంత బరువు. బురద చెవుల మీదికి కారింది. వెనక ఎక్కడో "హోసన్నా" వినిపిస్తోంది. కంచరగాడిద ముందు నడుస్తున్నాడన్నమాట. సగం కొండ ఎక్కాక దీనమ్మ అడిగింది.

"ఏసోబూ, ఏమిటి పాడుతున్నావు?"

"నేనా?"

"నువ్వే. వాగు దాటినప్పటినుంచీ పాడుతున్నావు." తర్వాత ఆమె అంది, "అడవి ఇంత పెద్దదని నాకు తెలీదు. పైనుంచి ఎప్పుడూ చూడలేదు."

లూకయ్య కాలికి కట్టు కట్టాడు. మధ్యాహ్నానికి ఆరు పిల్లలు పుట్టాయి. "ఇంకో గంట ఆలస్యమైతే ఒక్కటీ దక్కేది కాదు" అన్నాడు వైద్యుడు.

సాయంత్రం ఏసోబు పాక దగ్గరికి వచ్చాడు. పౌలయ్య గుడ్డ చూసి మెడ తిప్పుకోవడం కూడా మరిచిపోయాడు.

"ఎవర్ని ఎక్కించావు దీని మీద?"

ఏసోబు ఒకసారి కొండవైపు తిరిగి చూశాడు.

"బరువైతే సుగుణమ్మదేనండి. ఎక్కింది మాత్రం ఎవరో, నేను కచ్చితంగా చెప్పలేను."

పౌలయ్యకు అర్థం కాలేదు. పక్కనే ఉన్న పాస్టరుగారికి అర్థమైంది. ఆ ఒక్క మాట మీద ఆయన తర్వాత నాలుగు ఆదివారాలు ప్రసంగం చేశారు.

గుడ్డ మరక పోలేదు. ఊరేగింపులో మొదటి చోటు కంచరగాడిదకే ఉండిపోయింది. బాగానే నడిచేవాడు, పాపం. ఏసోబు అందరికన్నా వెనక వచ్చేవాడు. వీపు నిండా పందిపిల్లలు ఉండేవి. వాటి వెనకే సుగుణమ్మ, బురద కాళ్ళతోనే వచ్చేది. పాస్టరుగారు ఆమెకు తన పక్కనే చాప వేయించారు. అంతమంది ఎక్కి దిగుతుంటే దురద సంగతి ఏసోబుకు గుర్తే రాలేదు. తుమ్మచెట్టుకు బెరడు మళ్ళీ వచ్చింది.

దీనమ్మను ప్రతి ఆదివారం ఏసోబే తీసుకొచ్చేవాడు. మొదటివారం ఆమె ముందు వరసలో కూర్చుంది. జన్మలో మొదటిసారి ప్రసంగం మొదటిమాటనుంచీ వింది. ఆరో మాటకు నిద్రపోయింది.

ఆమెను నేనేమీ అనను. వెనక చాప మీద కూర్చున్నవాణ్ణి, నాకెందుకు?

నీతి: ప్రభువు కోసమని ఖాళీగా దాచుకున్న వీపుకు దురదే మిగులుతుంది, సాటివారి బరువు ఎత్తుకున్న వీపు మీద ఆయన అడక్కుండానే కూర్చుంటాడు.