కుండీలో మాంత్రికుడు

అనగనగా ఒక రాజుగారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కత్తి మీద నమ్మకం, రెండోవాడికి మాట మీద నమ్మకం. మూడోవాడు నీలధ్వజుడు అమ్మనడగందే అరిసె కూడా ముట్టడు.

పొరుగు రాజకుమారి హేమలేఖను ఒక మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలి అడవికి ఎత్తుకుపోయి, రాతిబొమ్మను చేశాడు.

ఆమెను విడిపించాలని పెద్దవాడు వెళ్ళాడు. వెళ్ళగానే, మాంత్రికుడి ప్రాణం అందులోనే ఉంటుందని చెట్టుమీది చిలకను పట్టుకున్నాడు.

"వచ్చిన ప్రతివాడూ నా పీకే పిసుకుతాడేం? వాడి ప్రాణం ఆ తీగలో ఉంది!" అని కేకలు పెట్టింది చిలక.

తీగ చూస్తే చెట్టు చివరిదాకా పాకింది. ఆకులు చేటలంత. పెద్దవాడు కత్తితో నరికాడు. నరికినచోట తీగకు ఇంకో కొమ్మ, మాంత్రికుడికి ఇంకో తల మొలిచాయి. పెద్దవాడు ఒకటే పరుగు.

రెండోవాడు వెళ్ళి తీగను ఇమ్మని మాంత్రికుణ్ణి మర్యాదగా అడిగాడు. "తీసుకుపో," అని రెండు తలలూ నవ్వాయి. పడవెక్కేసరికి తీగ వాడింది. చిలక ఎగిరొచ్చి, "అక్కడ బొమ్మ బీటలు వారుతోంది! తీగ పోతే పిల్ల కూడా పోతుంది!" అంది. పాపం, మళ్ళీ తీసుకెళ్ళి పాతేశాడు.

ఇక నీలధ్వజుడు బయలుదేరాడు.

"నాయనా, తీగ అడిగి తెస్తే బతకదురా. దొంగిలించి తెస్తేనే బతుకుతుంది. మన పెరట్లోవన్నీ నేనలా తెచ్చినవే," అంది మహారాణి.

"అమ్మా! నువ్వు మహారాణివి!"

"ఆ సంగతి మొక్కలకేం తెలుసురా?"

అతను అడవి చేరేసరికి మాంత్రికుడు భోంచేసి కునుకు తీస్తున్నాడు. నీలధ్వజుడు తీగను తెగకుండా విప్పి తలకు చుట్టుకున్నాడు, బొమ్మను భుజానికెత్తుకున్నాడు. ఒక తల కన్ను తెరిచింది.

"ఏమిటది?"

"త... తలపాగా."

"ఆకుల తలపాగాలు కూడా వచ్చాయా!" అని మళ్ళీ గుర్రు పెట్టింది.

లేచాక మాంత్రికుడు లబోదిబోమంటూ వెనకే ఈదుకుంటూ వచ్చాడు. తీగ నలుగుతుందన్న భయంతో చెయ్యి మాత్రం చేసుకోలేకపోయాడు.

మహారాణి తీగను కుండీలో నాటి కిటికీలో పెట్టింది. ఎక్కడానికి చెట్టు లేదు. చేటలంత ఆకులు రాలి, తమలపాకంత ఆకులొచ్చాయి. ఆకులతోపాటు మాంత్రికుడూ చిక్కి చిక్కి బొటనవేలంతై కుండీలోనే ఉండిపోయాడు. మంత్రం వదిలి బొమ్మ ఊపిరి పీల్చింది.

"నన్ను దొంగిలించి తెచ్చారటగా?" అంది హేమలేఖ.

నీలధ్వజుడు సిగ్గుతో తలవంచుకున్నాడు.

"అయితే నేనూ మీ ఇంట్లో బాగా బతుకుతాను," అని నవ్వింది.

పెళ్ళి ఘనంగా జరిగింది. వాళ్ళు చాలాకాలం చల్లగా రాజ్యమేలారు. కానీ పెళ్ళికొచ్చినవాళ్ళలో ఎవరో తీగ కొమ్మొకటి తుంచుకుపోయారు. మీ అమ్మమ్మగారి అమ్మమ్మేమో! మీ కిటికీలో అలాంటి తీగ ఉంటే నీళ్ళు పోయండి. కుండీలోంచి ఎవరెంత బతిమాలినా సరే, ఎక్కడానికి కర్ర మాత్రం పాతకండి.