రాజుగారి ముందు ఒక వీపు

నెమలికొండ రాజు ముమ్మడి భూపతికి ఎనభై ఏళ్లు నిండాయి. సింహాసనమెక్కి యాభై ఏళ్లయింది. ఊరంతా తోరణాలు కట్టారు, కవులు పద్యాలు కట్టారు. ఆ పద్యాల్లో రాజుగారు ఇంకా పాతికేళ్ల దగ్గరే ఆగి ఉన్నారు.

అది చాలలేదు కాబోలు, ఉత్సవానికి ముందు నిండుసభలో రాజుగారు మీసం దువ్వారు.

"మా ఈడువాళ్లు మంచం దిగడం లేదట. మేము రోజూ పొద్దున్నే కోట గుమ్మం నుంచి నగారా బురుజు దాకా కొండెక్కుతాం. ఇన్నేళ్లలో మమ్మల్ని దాటినవాడు లేడు. ఏం, నిజమేనా?"

నిజమే, లేడు. ఎప్పుడో ఒక భటుడు పొరపాటున రాజుగారి పక్కదాకా వస్తే వాణ్ణి ఏనుగులశాలలో లద్దెలు ఎత్తడానికి పంపారు. అప్పటినుంచి కొలువంతా వెనక నడవడం నేర్చుకుంది. ఏటేటా రాజుగారి నడక మందగించింది. కొలువు నడక అంతకన్నా మందగించింది. రాజుగారు ఆయాసంతో ఆగితే, వెనక ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగేది.

సేనలకు పెద్ద అయిన దళవాయి సింగన్న లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, తమ ఉప్పు తింటూ తమ వెనకబడేవాళ్లు సైనికులా? ఉత్సవం నాడు కోట భటులందర్నీ తమతో నడిపిద్దాం. వెనకబడినవాడు ఆ పూటే కొలువు విడిచి ఇంటికి పోవాలి."

"భేష్! అదే మా ఆజ్ఞ. భటులకే కాదు, కొలువులో అందరికీ," అన్నారు రాజుగారు.

ఖాళీ కాబోయే కొలువుల కోసం దళవాయి మేనల్లుళ్లూ బావమరుదులూ అప్పటికే కొత్త అంగరఖాలు కుట్టించుకున్నారు.

రాజుగారికి తాంబూలం అందించే నాగసాని పక్కనే ఉండి ఇదంతా విన్నది. రాజుగారికి పళ్లు లేవు కాబట్టి వక్కా ఆకూ రోట్లో దంచి ఇస్తుంది. ఈ సంగతి ఏ కవీ రాయలేదు.

ఇంటికెళ్లేసరికి తమ్ముడు ఓబన్న గుమ్మంలో కూలబడి ఉన్నాడు. వాడూ కోట భటుడే.

"అక్కా, దాటితే లద్దెలు, దాటకపోతే ఇల్లు. నలుగురు పిల్లల్ని పెట్టుకుని ఎక్కడికి పోనే?"

"ఏడవకు. మీసాలున్నవాడివి," అంది నాగసాని. "నడిచే పని వేరేవాళ్లకు అప్పగిస్తాలే."

మర్నాడు సభలో, దళవాయి ఎదురుగా ఉండగా, తాంబూలం అందిస్తూ ఆమె అంది, "ప్రభూ, చిన్న మనవి. రోజూ మీరు నడిచేవేళ దారి మూయించి జనాన్ని ఆపేస్తారు. యాభై ఏళ్ల పండగ కదా, ఆ ఒక్కరోజు దారి తెరిపించండి. మీ నడక జనం కూడా చూడొద్దూ?"

"చూడాలి, చూడాలి!"

"భటులు మోటు మనుషులు. నడకంటే ఏమిటో ముందు దళవాయిగారు నడిచి చూపిస్తే వాళ్లకు బుద్ధొస్తుంది."

"బాగా చెప్పావు. సింగన్నా, ముందు నువ్వే!"

దళవాయి మొహం దంచిన వక్కలా అయింది.

ఉత్సవం నాటి ఉదయం నగారా మోగింది. రాజుగారు అడుగేశారు. దళవాయి అరడుగేశాడు. రాజుగారు పాదరక్ష సవరించుకోవడానికి ఆగారు. దళవాయి ఒంటికాలి మీద కొంగలా ఆగాడు. దారికిరువైపులా భటులు పెదాలు కొరుక్కుంటున్నారు. రోజూలాగే తాంబూలపు పెట్టె పట్టుకుని నాగసాని వెనకే నడుస్తోంది.

సగం కొండెక్కేసరికి కింది నుంచి ఒక గొంతు వినిపించింది.

"తప్పుకోండి నాయనా, తప్పుకోండి!"

నెత్తిన పాలకుండతో పోలమ్మ. బురుజు కాపలావాళ్లకు పాలు పోసే మనిషి. రాజుగారిని ఉయ్యాల్లో ఊపానని చెప్పుకునేంత వయసు. రోజూ రాజుగారు కొండ దిగేదాకా ఆమెను గుమ్మం దగ్గరే ఆపేవారు.

"ముసల్దానా, ప్రభువుల్ని దాటుతావా?" పళ్లు నూరాడు దళవాయి.

"దాటక? మీ వెనక వస్తే ఈ పాలు బురుజు చేరేసరికి పెరుగవుతాయి. రోజూ ఆ పిల్లలు నన్నే తిడుతున్నారు," అంటూ పోలమ్మ ఇద్దర్నీ దాటుకుని సాగిపోయింది.

యాభై ఏళ్ల ఏలుబడిలో రాజుగారు తన ముందు ఒక వీపును చూడటం అదే మొదలు. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయారు.

"నాగసానీ! ఇది మాకన్నా పెద్దది. ఇంత వేగం ఎక్కడిది? ఏం తింటుంది?"

"ఏం తింటుందో తెలీదు ప్రభూ. మీ ఉప్పు మాత్రం తినదు."

రాజుగారు మెల్లగా దళవాయి వైపు తిరిగారు.

"సింగన్నా, నిజం చెప్పు. నువ్వు మమ్మల్ని దాటగలవా?"

దాటగలనంటే ఇన్నేళ్లూ బొంకినట్టు. దాటలేనంటే వెనకబడినట్టే, కొలువు పోతుంది. దళవాయి నోరు తెరిచాడు, మూశాడు.

"మాటలో కూడా మిమ్మల్ని దాటరు ప్రభూ," అంది నాగసాని.

ముందు నవ్వింది రాజుగారే. బోసినోటితో, కడుపు పట్టుకుని నవ్వారు. "అయితే మమ్మల్ని వదిలెయ్. ఆ ముసలమ్మను దాటు. పరిగెత్తు! దాటలేకపోతే నీ ఆజ్ఞ నీకే."

దళవాయి పరిగెత్తాడు. అయితే ఏళ్ల తరబడి అరడుగులేసిన కాళ్లు పరుగు ఎప్పుడో మరిచిపోయాయి. అతను రొప్పుతూ బురుజు చేరేసరికి పోలమ్మ పాలు పోసేసి, ఖాళీ కుండతో దిగుతోంది.

"అయ్యో, కూర్చో నాయనా," అంది జాలిగా. "ఈ వయసులో నీకెందుకొచ్చిన పరుగు?"

భటుల నవ్వుకు కొండ మారుమోగింది. మేనల్లుళ్లు కొత్త అంగరఖాలు విప్పి చంకలో పెట్టుకున్నారు.

రాజుగారు భటుల మీద ఆజ్ఞ రద్దు చేసి, మెడలోని హారం తీసి నాగసానికి ఇచ్చారు. "ఇంకేం కావాలో కోరుకో."

"రేపటినుంచి మీ ముందు నడవనివ్వండి ప్రభూ. మీ వెనక నడిచి ఇంటికెళ్లేసరికి రోజూ చద్దన్నం కూడా మిగలట్లేదు."