కోట వీధిలో వరినాట్లు

పూలకొండ రాజు విజయకేతుడికి ఆ రోజు ఓ బుద్ధి పుట్టింది. పల్లకీ వద్దు, నడుచుకుంటూనే ఊరు చూస్తానన్నాడు. పుడితే పుట్టింది, కొత్త జరీ చెప్పులు వేసుకోకుండా ఉండాల్సింది! కోట వీధి మలుపులోనే మురుగుకాలువ పొంగి, వీధంతా మడుగై ఉంది. రాజుగారి కాలు పిక్క దాకా దిగబడింది. కాలైతే పైకొచ్చింది గానీ చెప్పు రాలేదు.

"ఈ పాపం ఎవరిది? వాణ్ణి ఊళ్లోంచి వెళ్లగొడతాను!" అని గావుకేక పెట్టాడు రాజు.

పక్కనే పురపాలకుడు బసవనాయకుడు ఉన్నాడు. ఆయనేమైనా సామాన్యుడా! ఊళ్లో పందిరి వేయాలన్నా, అరుగు కట్టాలన్నా ఆయన అనుమతి ఉండాల్సిందే. అంతటి మనిషీ ఇప్పుడు మెల్లగా వెనక్కి జరిగాడు.

"మహాప్రభూ, పన్నులు నావి, కోట తలుపులు నావి, సంత నాది. ఈ గుంటకూ నాకూ ఏమిటి సంబంధం? ఇది ఎవరిదీ కాదు. అదుగో, ఆ మజ్జిగ అమ్మే పుల్లమ్మ ఇక్కడే కుండలు కడుగుతుంది. అంతా దాని చలవే!"

పుల్లమ్మ కడుగుతున్న కుండ వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో దొరా! కుండ కడిగిన నీళ్లకు వీధి మునుగుతుందా? పిల్లల్నేసుకుని నేనెక్కడికి పోను?"

చెప్పు పోయిన కోపంలో ఉన్న రాజుకు ఇవన్నీ ఎక్కడ వినిపిస్తాయి! "రేపు పొద్దుగూకేలోగా ఊరు విడిచి పో" అనేశాడు.

రాజుగారికి తాంబూలం అందించే కొమ్మన వెనకాలే ఉన్నాడు. అతనికి ఒళ్లు మండిపోయింది. పైకి మాత్రం వినయంగా అడిగాడు.

"నాయకా, ఈ గుంట ఎవరిదీ కాదన్నారు. నిజమేనా?"

"ఎవరిదీ కాదు! ఎవరి ముందైనా చెబుతాను!" అన్నాడు బసవనాయకుడు మీసం దువ్వుతూ.

మర్నాడు కొలువు తీరిందో లేదో, అదే బసవనాయకుడు రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"అన్యాయం ప్రభూ! ఆ కొమ్మన కోట వీధిలో మా ఇంటి ముందు మడక కట్టి దున్నుతున్నాడు!"

రాజు వెంటనే బయలుదేరాడు. ఈసారి పల్లకీలో లెండి. వెళ్లి చూస్తే ఏముంది, కోట వీధి మడుగులో కొమ్మన పంచె ఎగ్గట్టి, దున్నపోతులతో దమ్ము చేస్తున్నాడు. వెనకాల ఆడవాళ్లు పాడుకుంటూ వరినారు నాటుతున్నారు. ఓ పక్కన పుల్లమ్మ మూటాముల్లె కట్టుకుని బిక్కమొహంతో నిలబడి ఉంది.

"నీకేమైనా పిచ్చి పట్టిందా కొమ్మనా?"

"వ్యవసాయం ప్రభూ! ఎవరిదీ కాని నేలను ముందు ఎవరు దున్నితే వారిదేనని తమ తాతగారి నాటి నుంచీ మన ఆచారం. ఇది ఎవరిదీ కాదని నాయకులవారే సెలవిచ్చారు, తమరూ విన్నారు. మధ్యాహ్నానికి కంచె వేసేస్తాను. ఆపైన నాయకులవారు ఇల్లు కదలాలంటే నన్ను అడిగి కదలాలి."

"నిన్ను అడగాలా?" బసవనాయకుడు ఎగిరిపడ్డాడు. "నోరు ముయ్యి! ఈ ఊళ్లో ప్రతి వీధీ, ప్రతి కాలువా, ప్రతి గుంటా నా అధికారం కిందవే! తవ్వాలన్నా పూడ్చాలన్నా నేనే! నా మాట లేకుండా ఇక్కడ గడ్డిపరక మొలవడానికి వీల్లేదు!"

కొమ్మన మడక వదిలేసి చేతులు జోడించాడు.

"సొంతదారు దొరికాడు ప్రభూ! నా పొలం నేను వదులుకుంటున్నాను. ఇక పుల్లమ్మ మూట విప్పుకోవచ్చా?"

నాట్లు వేస్తున్న ఆడవాళ్లు ముందు కిసుక్కుమన్నారు. తర్వాత వీధి వీధంతా గొల్లున నవ్వింది. రాజు పల్లకీలో పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. నవ్వి, దిగొచ్చి, "తప్పు నాదమ్మా, తొందరపడ్డాను. నీ ఊళ్లో నువ్వుండు" అన్నాడు పుల్లమ్మతో.

"మరి నేను ప్రభూ?" బసవనాయకుడి గొంతు పీలగా వచ్చింది. "నన్ను వెళ్లగొడతారా?"

"ఎక్కడికయ్యా వెళ్లేది? కాలువ నీదేగా, దిగి పూడిక తియ్యి!"

రాజు తన చేతి కంకణం తీసి కొమ్మన చేతికి తొడిగాడు. బసవనాయకుడు ముక్కు మూసుకుని, పార పట్టుకుని కాలువలోకి దిగుతుంటే, పుల్లమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది.