చెప్పని మాత్ర

"స్కానింగులో ఏమీ కనబడనప్పుడు, రోగి కూడా ఏమీ చెప్పనప్పుడు, జబ్బును ఎక్కడ వెతకాలి మేడమ్?" అని ఇమ్మానుయేలు అడిగాడు. అతను నరాల విభాగంలో శిక్షణ పొందుతున్న యువ వైద్యుడు. అతని గురువు డాక్టర్ కమలినిగారు ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పేవారు కాదు. లేచి రోగి దగ్గరికి నడిచేవారు. ఆ రోజూ అదే చేశారు.

రోగి పేరు సుభాషిణి. ఏడాది కిందట పెళ్లయిన పిల్ల. వారంగా తలనొప్పి, ఆ పొద్దుటి నుంచి వాంతులు. పార్శ్వపు నొప్పి కావచ్చునని ఇమ్మానుయేలు అనుకున్నాడు. కమలినిగారు ఆమె కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశారు. లోపల కంటి నరం మొదలు ఉబ్బి ఉంది. అంటే తలలో ఒత్తిడి పెరుగుతోంది. మంచం దగ్గరున్న భర్తనూ మామగారినీ "కాసేపు బయట కూర్చోండి బాబూ" అని పంపించి, తెర లాగి, ఆ పిల్ల పక్కన కూర్చున్నారు.

"ఈమధ్య మాత్రలేమైనా వేసుకున్నావా తల్లీ?"

సుభాషిణి మంచం పక్కనే ఉండిపోయిన అత్తగారి వంక చూసింది.

అత్త మాణిక్యమ్మ గొంతు బాగా తగ్గించింది. "గృహప్రవేశమండీ. వీళ్లిద్దరే పీటల మీద కూర్చోవాలి. సరిగ్గా అప్పటికే దీనికి నెలసరి రోజులొచ్చి పడ్డాయి. వెనక్కి జరిపే మాత్రలు నేనే తెచ్చిచ్చాను. ముహూర్తం మారితే మళ్లీ తెచ్చాను. మగవాళ్లకి తెలీదండీ."

"మాకు చెప్పారు. అది చాలు" అంటూ కమలినిగారు లేచారు.

వెంటనే మెదడు సిరలను చూపే స్కానింగు తీయించారు. తల నుంచి రక్తాన్ని కిందికి దించే పెద్ద సిరలో రక్తం గడ్డకట్టి ఉంది. ముందు తీసిన మామూలు స్కానింగుకు అది చిక్కలేదు. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అయినా ఆ సాయంత్రం ఫిట్స్ వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని మాణిక్యమ్మ మంచం దగ్గరే ఉండిపోయింది. కొన్నాళ్లకు వేళ్లు కదిలాయి. పిల్ల బతికింది. చెయ్యి మాత్రం పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు.

ఇంటికి వెళ్లేటప్పుడు మాణిక్యమ్మ అడిగింది. "నా చేతులారా చేసుకున్నానా డాక్టరమ్మా?"

"ఆ మాత్రలు అందరికీ ఇలా రక్తాన్ని గడ్డకట్టించవమ్మా. ఈ పిల్లకి మాత్రం ఇక ఎప్పుడూ ఇవ్వకండి." అన్నారు కమలినిగారు. "మీరు నోరు విప్పబట్టి ఈమాత్రమైనా దక్కింది."

వాళ్లు వెళ్లాక ఇమ్మానుయేలు అన్నాడు: "మాత్రల సంగతి నేనూ అడిగాను మేడమ్. ఇవే మాటలతో అడిగాను. ఆ అమ్మాయి లేదని చెప్పింది."

కమలినిగారు అతని ముఖంలోకి చూశారు. "నువ్వు అడిగినప్పుడు మంచం చుట్టూ ఎవరెవరున్నారు నాన్నా?" అన్నారు.