తోకకప్ప ఉపవాసం

గున్నేశ్వరరావు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ముప్పై ఏళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక కోటిపల్లి రోడ్డులో ఒక పెంకుటింట్లో మైక్రోస్కోపు ముందు పెట్టుకుని కూర్చున్న మనిషి ఆయన. ఆత్మ ఉందా లేదా అడుగుదామని ఒక పెద్దమనిషి పనిగట్టుకుని బస్సెక్కి వస్తే, మూడు గంటలసేపు ఆ వచ్చినాయన చేత గాజుపలకలు కడిగించి పంపారని చెప్పుకుంటారు. విచిత్రమేమిటంటే ఆ పెద్దమనిషి మర్నాడు మళ్ళీ వచ్చాడు.

త్రిపుర ఆ మాస్టారి దగ్గరే చదువుకుంది. ఇప్పుడు హైస్కూల్లో సైన్సు టీచరు. తొలకరి పడ్డ వారానికి ఒక సాయంత్రం బడి నుంచి నేరుగా వచ్చి, గుమ్మంలో నిలబడే అడిగేసింది.

"మాస్టారూ, బతికున్న కణంలో చావుని కూడా ఎందుకు పెట్టినట్టండీ?"

సంగతేమిటంటే, ఆమె తొమ్మిదో తరగతికి కణం పాఠం చెబుతోంది. కేంద్రకం గురించి చెప్పింది. మైటోకాండ్రియా శక్తిని పుట్టిస్తాయని, రైబోజోములు ప్రోటీన్లు తయారుచేస్తాయని హుషారుగానే చెప్పింది. లైసోజోముల దగ్గరకొచ్చేసరికి పాఠం ఆగిపోయింది. అవి చిన్న చిన్న సంచులు. వాటిలో దేన్నయినా అరగదీసే రసాలుంటాయి. ఆ రసాలు బయటపడితే కణం తనని తానే కరిగించేసుకుంటుంది. అందుకే పుస్తకంలో వాటిని స్వయం విచ్ఛిత్తి సంచులన్నారు. ఆ మాట బోర్డు మీద రాస్తుంటే త్రిపురకి వాళ్ళమ్మ కళ్ళముందు మెదిలింది. మంగాయమ్మ పెళ్ళిళ్ళలో వంటలకి సాయం వెళ్ళి కూతుర్ని చదివించింది. పది ఊళ్ళ వాళ్ళకి వండిపెట్టి, ఇంటికొచ్చి "నాకు ఆకలిగా లేదే, నువ్వు తిను" అనేది. ఆ మాట నిజమేననుకుంది కూతురు. బీఈడీ ముగించుకుని ఇంటికొచ్చిన రోజున, మంచం మీదున్న తల్లిని ఒక్కతే రెండు చేతులతో ఎత్తి కూర్చోబెట్టింది. బరువే లేదు. ఆ తర్వాత ఎన్నో రోజులు బతకలేదు మంగాయమ్మ.

"మా అమ్మని నేనే తినేశానండీ," అంది త్రిపుర. "అమ్మ పోయి నాలుగు నెలలైంది. కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదు."

ఆ మాట ఆమె చెప్పనక్కర్లేదు, చూస్తేనే తెలుస్తోంది. జాకెట్టు చేతులు వదులైపోయాయి. మాస్టారు కిటికీ గట్టుకి ఆనించి బల్ల మీద పెట్టిన సత్తు బేసిను చూపించారు. అందులో ఒకే ఒక్క తోకకప్ప ఉంది. వెనక కాళ్ళొచ్చాయి, తోక ఇంకా వెడల్పుగా ఆడుతోంది.

"దీనికి నీళ్ళు మార్చడం, తిండి పెట్టడం ఇవాళ్టి నుంచి నీ పనమ్మా," అన్నారు.

త్రిపురకి ఒళ్ళు మండింది. అయినా గురువు మాట కాదనలేక బావి నీళ్ళు తోడింది. రోజూ బడి అవగానే వచ్చి ఉడికించిన తోటకూర మెత్తగా చిదిమి వేసేది. రెండు రోజులు అది బాగానే తింది. మూడో రోజుకి ముందుకాళ్ళు పొడుచుకొచ్చాయి. ఆ రోజు నుంచి తిండి ముట్టడం మానేసింది. వేసిన ఆకు వేసినట్టే అడుగున పడి ఉంది. ఆరో రోజూ అంతే. త్రిపురకి ఇంట్లో ఒకసారి చూసిన తంతే మళ్ళీ బేసినులో చూస్తున్నట్టుంది.

"మాస్టారూ, ఇదీ తినడం మానేసిందండీ. చచ్చిపోతుందేమో, ఏదైనా చెయ్యండి!"

"దాని నోరు మారుతోంది, పొట్టలో పేగూ మారుతోంది. ఇప్పుడు తినమన్నా తినలేదు," అని మాస్టారు దాన్ని జాగ్రత్తగా ఎత్తి, ఒంటి మీద తడిదూది కప్పి, తోకని గాజుపలక మీద పరిచారు. పైన రెండు చుక్కలు ఎర్రరంగు నీళ్ళు వేశారు. కాసేపాగి, "చూడు," అని పక్కకి జరిగారు.

త్రిపుర కన్ను ఆనించి చూసింది. కణం బొమ్మ ఆమె కొన్ని వందలసార్లు గీసి ఉంటుంది, కానీ బతికున్న తోకలోకి ఇలా చూడటం ఇదే మొదటిసారి. గాజులాంటి ఆ చర్మంలో నల్లటి చుక్కల కణాలు వేళ్ళు చాపుకుని పడుకుని ఉన్నాయి. సన్నటి రక్తనాళాల్లో రక్తకణాలు ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ పోతున్నాయి. ఇంత చిన్న ప్రాణంలో ఇంత సందడా! ఏ కణమూ ఖాళీగా లేదు. ఆ కణాల లోపల అక్కడక్కడ ఎర్రటి నలుసులు మెరుస్తున్నాయి. వాటిని చూస్తూ ఊపిరి తీసుకోవడం మరిచిపోయింది.

"రంగు పట్టిన ఆ నలుసులే నీ లైసోజోము సంచులు," అన్నారు మాస్టారు.

ఆమెకి ఆశ్చర్యమూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఇంత అందంగా ఉన్నవా ఆ పని చేసేది అనుకుంది. తోకకప్పని మళ్ళీ నీళ్ళలో వదిలి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత తోక రోజురోజుకీ కురచబడింది. తొమ్మిదో రోజు ఆదివారం. పొద్దున్నే వచ్చేసరికి బేసినులో మాస్టారు వేసిన ఇటుకముక్క మీద గోరంత కప్ప కూర్చుని ఉంది. తోక లేదు. త్రిపుర కంగారుగా నీళ్ళలో చెయ్యి పెట్టి వెతికింది. తర్వాత పాత పంచెముక్క తెచ్చి నీళ్ళన్నీ వడకట్టింది. కుళ్ళిన తోటకూర తప్ప ఇంకేమీ తేలలేదు. ఇన్నేళ్ళు సైన్సు చదివిన మనిషి, బల్లి తోకలాగే ఇదీ ఊడి ఎక్కడో పడి ఉంటుందనుకుంది మరి!

"తోకేదండీ?" అంది. "ఊడితే నీళ్ళలో ఉండాలిగా?"

"ఊడలేదమ్మా. ఆరు రోజులు అది ఏం తిని బతికిందనుకున్నావు?"

అప్పుడర్థమైంది త్రిపురకి. ఒక్క పోగు వృథా కాలేదు. ఆ ఎర్ర నలుసులు తోకని విప్పి, కరిగించి, రక్తంలో కలిపి పంపాయి. కొత్త నోటికి, కొత్త పేగుకి, పుంజుకుంటున్న కాళ్ళకి అదే అన్నమైంది. ఇదంతా ఆమె కళ్ళెదుటే, తను నీళ్ళు మారుస్తుండగానే, చప్పుడు లేకుండా జరిగిపోయింది. దండం పెట్టాలనిపించింది, ఎవరికి పెట్టాలో తెలియలేదు. అంతలోనే కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"అయితే కప్ప తోకని తినేసినట్టేగా మాస్టారూ? కప్ప బాగానే ఉంది. తోకకి ఏం మిగిలిందండీ?"

ఆమె గొంతుకి బెదిరిందో ఏమో, కప్ప ఇటుక మీంచి కిటికీ గట్టు మీదకి ఎగిరింది. అక్కణ్ణించి ఒక్క ఊపున తడిగడ్డిలోకి మూరెడు దూరం గెంతి పోయింది.

మాస్టారు అటే చూస్తూ అన్నారు.

"తోకగా ఉన్నన్నాళ్ళూ ఆ తోకకి గెంతడం తెలీదమ్మా. ఇప్పుడు ఆ కాళ్ళలో చేరి గెంతుతోంది, చూడు."