తల మీద మట్టి

పూర్వం పాలవెల్లి అనే దేశాన్ని ఒక రాజుగారు ఏలేవారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ దేశపు పొలిమేరలో, అడవి అంచున, కందిగూడెం అని చిన్న ఊరు. అక్కడివాళ్లు దుంపలు తవ్వుకుని బతికేవాళ్లు. పొలిమేరకు అవతల కరాళుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడేం చేశాడంటే, సరిహద్దు రాళ్లను మంత్రంతో నడిపించి ఊరిని తన వైపు కలిపేసుకున్నాడు. "అమావాస్య దాటితే మీరంతా నా బానిసలు" అన్నాడు.

పెద్దకొడుకు కత్తి పట్టుకుని వెళ్లాడు. కత్తి నీళ్లలో దిగినట్టు వాడిలో దిగి, బయటికొచ్చింది. "నా ప్రాణం ఇక్కడ లేదు నాయనా, ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది" అని నవ్వాడు మాంత్రికుడు.

నడిమివాడు ధర్మశాస్త్రం తాటాకులు పట్టుకుని వెళ్లాడు. అతను ఒక శ్లోకం చదివితే మాంత్రికుడు పది చదివాడు. అతనూ తల వంచుకుని వచ్చాడు.

మూడోవాడు చిత్రబాహుడు. అతనికి చదువు ఆలస్యంగా వచ్చింది. అందుకే ఒక్కో ఆకూ వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివేవాడు. అన్న మోసుకొచ్చిన ఆ తాటాకుల్లోనే ఒకచోట వేలు ఆగిపోయింది. పొలిమేర తగవు వస్తే ఆ నేలమీద రోజూ తిరిగేవాళ్లను అడగాలట. పశువులు కాసేవాళ్లను, చేపలు పట్టేవాళ్లను, దుంపలు తవ్వేవాళ్లను. సాక్షి ఎర్రబట్ట కట్టి, నెత్తిన మట్టి పెట్టుకుని, ఒట్టేసి చెప్పాలట. ఇంత పెద్ద శాస్త్రం దుంపలు తవ్వేవాళ్లను అడగమందే అని చాలాసేపు ఆశ్చర్యపోయాడు.

కందిగూడెం వెళ్లి అడిగితే పోలమ్మ అనే పడుచుపిల్ల ముందుకొచ్చింది.

"మీ అన్నగార్లిద్దరూ వచ్చారు దొరా. మమ్మల్ని ఒక్క మాటా అడగలేదు. మాకు నోరు లేదనుకున్నారేమో."

"నేను అడుగుతున్నాను కదా, చెప్పు."

"పాత పొలిమేర మా గునపానికి తగులుతుంది దొరా. తగిలినప్పుడల్లా మళ్లీ మట్టి కప్పేస్తాం."

మర్నాడు పొద్దున్నే కరాళుణ్ణి పిలిపించారు. పోలమ్మ ఎర్రబట్ట కట్టి, నెత్తిన పిడికెడు మట్టి పెట్టుకుని, ప్రాణం మీద ఒట్టేసి మూడు చోట్లు చూపించింది. తవ్వితే మూడు కుండలు బయటపడ్డాయి. ఒకదాన్లో బూడిద, ఒకదాన్లో ఊక, ఒకదాన్లో బొగ్గులు. పైన రాళ్లు కదిలినా కింద గుర్తు కదలకూడదని పెద్దలు పాతిపెట్టినవి.

"నిన్న మీరే పాతారు. నేనూ ఒట్టేస్తాను, మట్టి తెండి" అన్నాడు మాంత్రికుడు.

"అబద్ధమైతే ప్రాణం పోవాలనే కదా ఒట్టు. మీ దగ్గర ప్రాణమేదీ?" అన్నాడు చిత్రబాహుడు.

"పోయి తెచ్చుకో తాతా, మేం కూచునే ఉంటాం" అంది ఒక ముసలమ్మ. ఊరంతా నవ్వింది.

కరాళుడికి రోషం వచ్చింది. ఎగిరిపోయి, మధ్యాహ్నానికల్లా చిలక పంజరంతో దిగాడు. పంజరం చిత్రబాహుడి చేతికందేంత దూరంలో ఉంది. చిలక మెడ తిప్పేస్తే తగవు తీరిపోతుంది. చెయ్యి కదిలింది కూడా. కానీ పోలమ్మ ఇంకా మట్టి నెత్తిన పెట్టుకునే నిలబడి ఉంది. న్యాయానికని పిలిచినవాణ్ణి చంపితే ఈ పిల్ల మోసిన మట్టికి అర్థమేముంది? చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మాంత్రికుడు నెత్తిన పిడికెడు మట్టి పెట్టుకుని, చిలకలోంచి ప్రాణాన్ని తన గుండెలోకి లాక్కున్నాడు. నూరేళ్ల తర్వాత గుండె కొట్టుకుంది. నెత్తిన మట్టి చల్లగా తగిలింది. ఒట్టేయబోయాడు, అబద్ధమాడితే ఆ గుండె ఆగిపోతుందని గుర్తొచ్చింది.

"ప్రాణం ఉంటే ఇంత భయంగా ఉంటుందా?" అన్నాడు మెల్లగా.

"మాకు రోజూ అంతే తాతా" అంది పోలమ్మ.

వాడు కూలబడ్డాడు. "రాళ్లు నేనే జరిపాను. ఊరు మీదే" అన్నాడు. పంజరం తలుపు తనే తీశాడు. చిలక బయటికొచ్చి, రెక్కలు విదిల్చుకుని, "అబ్బ, ఎంత తేలికైందో" అని అడవిలోకి పోయింది.

రాజుగారు మూడోవాడికి పట్టం కట్టారు. అన్నలు కాదనలేదు. చిత్రబాహుడు తనను పెళ్లాడమని పోలమ్మను అడిగితే, "మా గునపం కోటకు తెచ్చుకోనిస్తేనే" అంది. తెచ్చుకుంది. పెళ్లి ఏడు రోజులు జరిగింది. వాళ్లు అరవై ఏళ్లు చల్లగా ఏలారు. ఆ అరవై ఏళ్లూ, తీర్పు చెప్పేముందు చిత్రబాహుడు కిరీటం తీసి పక్కన పెట్టి, తన నెత్తిన చిటికెడు మట్టి వేసుకునేవాడు.