చుక్కలకోడి సొన రంగు

తెల్లవారింది. మబ్బు లేదు, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

తునికిచెట్ల అడవి అంచున ఒక పెరడు. అందులో చుక్కలకోడి, ముసలి బూడిదకోడి ఉండేవి. అడవిలో కాకి, నక్క ఉండేవి.

చుక్కలకోడికి తొమ్మిది పిల్లలు. అవి కాస్త ఎదిగాక అది మళ్ళీ గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది.

ఆ పొద్దున కాకి ఒక గుడ్డు ఎత్తుకుపోయి కంచె పక్క బండమీద పగలగొట్టింది.

"ఛీ, ఇదేం సొన చుక్కమ్మా! గంజినీళ్లలా పాలిపోయింది. అడవికోళ్ల సొన చూడాలి, పసుపుముద్దే!"

"దొంగతిండికి రుచులు కూడానా!" బూడిదకోడి కసిరింది.

చుక్కలకోడి చిన్నబోయింది. "నాలో ఏదైనా లోపముందా పెద్దమ్మా?"

"లోపం నీలో లేదే తల్లీ, మేతలో ఉంది. పచ్చిక ఎండిపోయి నెలనుంచి నూకలే తింటున్నాం. కంచె దగ్గర మునగాకు రాలుతోంది, తిను. పది రోజుల్లో రంగు అదే తేలుతుంది."

"పది రోజులా! అందాకా ఈ కాకితో మాటలు పడాలా?"

కాకి మెల్లగా అంది. "వాగు అవతల పాడుబడ్డ చేలో బంతిపూలు విరగబూశాయి. అవి తింటే సొన నిగనిగలాడుతుంది."

ఆ మాట నిజమే. అక్కడ నక్క ఉంటుందన్నదీ నిజమే. రెండోది కాకి చెప్పలేదు. నక్క తినగా మిగిలేది దానికేగా!

"రండర్రా!" అని పిల్లల్ని కేకేసి చుక్కలకోడి బయలుదేరింది. వెళ్లేటప్పుడు లెక్కపెట్టుకోలేదు.

చేలో రెండు బంతిరేకులు మింగిందో లేదో, పొద కదిలి నక్క దూకింది.

"పారిపొండి!" అని అరుస్తూ చుక్కలకోడి నక్క ముఖం మీదికి ఎగిరింది. నక్క నోటికి దాని తోక ఈకలు మాత్రమే చిక్కాయి. పిల్లలు ముళ్లపొదల్లో దూరాయి.

పొద్దువాలే వేళకు ఒక్కొక్కటే ఇల్లు చేరాయి. తోకలేని తల్లి గూటి ముందు నిలబడి లెక్కపెట్టింది. ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టింది. ఎనిమిదే.

బూడిదకోడి రెక్క ఎత్తింది. కింద చిన్నది, ముక్కుకు మునగాకు అంటుకుని.

"ఇది నీ వెంట రానేలేదే. పొద్దుటినుంచీ నా దగ్గరే."

చుక్కలకోడి చిన్నదాన్ని రెక్క కిందికి లాక్కుంది. మర్నాటినుంచి మునగాకు తింది.

పదకొండో రోజు సాయంత్రం కాకి ఇంకో గుడ్డు పగలగొట్టింది. "చుక్కమ్మా! నీ సొన బంతిపువ్వులా ఉందే!"

చుక్కలకోడి తల తిప్పలేదు. గూటి ముందు నిలబడి ఉంది.

"ఏడు... ఎనిమిది... తొమ్మిది."

నీతి: మంచి మేత తిని ఓపిక పడితే రంగు దానంతట అదే వస్తుంది; ఎత్తిపొడుపు మాటకు ఉడుక్కున్నవాళ్లు ఇంట్లోవాళ్లను ముప్పులోకి నడిపిస్తారు.